బ్యాండేజీ గుడ్డ అట్ట పుస్తకం

ఎవరైనా అడగకుండా పుస్తకం తెచ్చి ఇస్తే నేను ముందు దాని చివరి పేజీ ఉందో లేదో చూస్తాను. పోయిన వారం వాన వెలిసిన పూట మా అన్న కూతురు స్కూటర్ మీద వచ్చి, పాలిథిన్ సంచిలో చుట్టిన ఒక లావు పుస్తకాన్ని నా చేతిలో పెట్టినప్పుడూ అదే చేశాను. చివరి పేజీ లేదు. లేదని నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. తెల్లటి బ్యాండేజీ గుడ్డ అంటించిన అట్ట, పసుపు తిరిగిన వారపత్రిక కాగితాలు, మూడో అధ్యాయం అంచున నా బొటనవేలి సిరా మరక. కళ్ళు మూసి చేతికిచ్చినా ఆ పుస్తకాన్ని వాసనతో గుర్తుపడతాను. వెనక అట్ట మాత్రం కొత్తగా ఊడింది. తడిసి ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది.

"ఎవరు పంపించినారు?" అన్నాను, తెలిసి కూడా.

"అమ్మే. ఈ వానకి గోడ కారి బీరువాలోకి నీళ్ళు దిగినాయి కదా. ఆరబెట్టేదానికి తీస్తే ఈ అట్ట ఊడింది. లోపల అచ్చు కాగితాలు ఉండినాయి అత్తా. నాలుగు పేజీలు. కథలో కడాసి అధ్యాయం అంట."

"ఆ ఆఖరి పేజీలు ఏవి?"

"అమ్మ దగ్గర ఉన్నాయి. నన్ను చదవనీయలేదు. 'మీ అత్త రావాల, నా ముందర కూర్చుని ఆమే చదవాల' అంటా ఉంది. కంటి ఆపరేషన్ అయినాక అమ్మకి అచ్చు కనపడేది లేదు కదా."

నలభై ఏళ్ళుగా నాతో రా, కూర్చో, తిను అనే మూడు మాటలు తప్ప నాలుగో మాట ఆడని మా వదిన నన్ను పిలిపించిందంటే దాని వెనక ఏదో ఉండాలి. రేపు వస్తానని చెప్పి పంపేశాను. ఆ పిల్ల వీధి మలుపు తిరిగాక పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎవరైనా కత్తితో అట్టను కావాలనే ఊడదీశారా అని వెలుతురులో చూశాను. లేదు. నిజంగా వానే.

నేను పుస్తకాలను నమ్మి చదివేదాన్ని కాదు, అనుమానించి చదివేదాన్ని. డిటెక్టివ్ నవల దొరికితే ముందు ఆఖరి అధ్యాయం చదువుతాను. ఆ తర్వాత మొదటి నుంచి చదివితే, రచయిత నన్ను ఎక్కడెక్కడ మోసం చేయాలని చూశాడో ఒక్కొక్కటిగా దొరికిపోతాడు. ఆ సుఖం హంతకుడు దొరికినా రాదు. చారిత్రక నవలల్లో రాజులు గుర్రం దిగరు, అన్నం తినరు. నాలుగు వందల పేజీల్లో ఒక్క రాణికైనా జలుబు చేయదు. వంట పుస్తకంలో 'ఉప్పు తగినంత' అని రాసేవాళ్ళు బాధ్యత తప్పించుకునేవాళ్ళు. తగినంత అంటే ఎంతో తెలిస్తే ఆ పుస్తకం మనకెందుకు? తెల్లవారుజామున లేస్తే జీవితం మారిపోతుందని రాసే పెద్దమనిషి, ఆ వేళకి తన ఇంట్లో పొయ్యి ముట్టించే మనిషి ఎవరో రాయడు. ఆత్మకథల్లో అందరినీ క్షమించేశానని రాసేవాళ్ళకు జ్ఞాపకశక్తి అయినా లేదు, నిజాయితీ అయినా లేదు. కవిత్వం పుస్తకాల్లో అచ్చు కంటే తెల్లకాగితం ఎక్కువ అని నేను మూడుసార్లు ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాశాను. ఆ తెల్లకాగితం దగ్గర ఒక్కోసారి చాలాసేపు ఆగిపోతానన్న సంగతి మాత్రం రాయలేదు. నాకు మనసారా ఇష్టమైనవి దయ్యాల కథలే. తనకు జరిగిన అన్యాయాన్ని ఎన్నేళ్ళైనా మరిచిపోని పాత్ర దయ్యం ఒక్కటే.

ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కూడా ఒక అవమానం వల్లనే. తమిళనాడులోని మా రాజపాళయంలో మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. మా వీధిలో తెలుగు అచ్చు చదవగలిగినవాళ్ళు అప్పుడూ లేరు, ఇప్పుడూ నేను తప్ప లేరు. ఒకసారి తిరుపతి కొండ కింద ఒక పుస్తకాల కొట్టువాడు నా మాట విని "అమ్మా, మీరు మాట్లాడేది ఏ భాష?" అని నవ్వాడు. ఊరికి తిరిగొచ్చి ఆరు నెలలు కష్టపడి అక్షరాలు నేర్చుకుని, నేను మాట్లాడేది ఏ భాషో వాడికి రెండు పేజీల ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. తప్పు ఒప్పుకునే కొట్టు కాదది.

ఇంత అనుమానం నాకు పుట్టుకతో రాలేదు. అది మా అత్త ఇంటి వసారాలో మొదలైంది. అత్త మా నాయనకి అక్క. మా వీధి చివర ఇల్లు. మామ బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో మేస్త్రీ. నేతలో తప్పుపోయిన ముక్కలు ఇంటికి వచ్చేవి. మా ఊళ్ళో ఆ గుడ్డ చేయని పని లేదు. కాఫీ వడగట్టడానికి అదే, పెరుగు కట్టడానికి అదే, పసిబిడ్డకు పొత్తిగుడ్డ అదే. అత్త మాత్రం దాంతో పుస్తకాలు కట్టేది. మా వీధి మొత్తానికి ఒక్క ఇంటికే తమిళ వారపత్రిక వచ్చేది, అది అత్త ఇల్లు. అందులో వారం వారం వచ్చే సీరియల్ పేజీలను జాగ్రత్తగా చించి పరుపు కింద దాచి, కథ అయిపోయాక అన్నీ వరసపెట్టి కుట్టేది. పాత కాగితాలను మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి అట్ట తయారు చేసి, దాని మీద బ్యాండేజీ గుడ్డ తొడిగేది. ఎండలో ఆరబెట్టిన ఆ అట్టలు అప్పడాల్లా చప్పుడు చేసేవి. పుల్లటి జిగురు వాసన, కొత్త గుడ్డ గంజి వాసన కలిసి ఇప్పటికీ నాకు పుస్తకం అంటే అదే.

పత్రిక వచ్చిన మధ్యాహ్నం అందరం అత్త వసారాలో చేరేవాళ్ళం. మా అవ్వ, అంటే అత్తకీ నాయనకీ అమ్మ, గోడకి ఆనుకుని కూర్చునేది. నేను నేల మీద. కొత్తగా కాపురానికొచ్చిన మా వదిన స్తంభం పక్కన. అందరికీ తమిళం వచ్చు. కానీ మా అవ్వకి తమిళంలో కథ అర్థమయ్యేది గానీ ఏడుపు రాదు. ఏడుపు రాని కథ కథే కాదని ఆమె లెక్క. అందుకని అత్త ఒక పద్ధతి పెట్టింది. కళ్ళు తమిళం చదువుతుంటే నోరు మా తెలుగు చెప్పేది. ఎక్కడా ఆగేది కాదు. పాత్రలందరూ మా వీధివాళ్ళలాగే మాట్లాడేవాళ్ళు. మద్రాసు వకీలు కూడా "ఏందప్పా, ఇట్లా చేసినావు?" అనేవాడు. మా ఇళ్ళల్లో ఆ రోజుల్లో చాలామంది ఇలాగే చదివేవాళ్ళు. అచ్చుకీ వినేవాళ్ళకీ మధ్య ఒక మనిషి ఉందని, ఆ మనిషికి తన ఇష్టాలు ఉంటాయని మాకెవరికీ తోచలేదు.

ఆ ఏడాది సీరియల్ ఒక రైలు కథ. ఒకామె నీళ్ళు పట్టుకోవడానికి కూజా తీసుకుని ఏదో స్టేషన్లో దిగుతుంది. రైలు కదిలిపోతుంది. బండిలో మొగుడు, ఏడాది బిడ్డ. ఆమె రైలు తప్పిందా, కావాలనే దిగిపోయిందా? వెతుకులాట నలభై వారాలు సాగింది. మిల్లు షిఫ్టు మారేటప్పుడు కూడా ఆడవాళ్ళు దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. సరిగ్గా ఆఖరి వారం వచ్చేసరికి మా వసారా చెదిరిపోయింది. వదినకి ఏడో నెలలో కడుపు పోయి తళవాయిపురంలో పుట్టింట్లో ఉంది. అవ్వకి జ్వరం, మంచం మీద ఉంది. నాకు పన్నెండో తరగతి పరీక్షలు. కథల పుస్తకం ముట్టుకోకూడదని నాయన కట్టడి చేశాడు. పరీక్షలు కాగానే చదువు మాన్పించి సంబంధం చూడాలని ఇంట్లో మాటలు నడుస్తున్నాయని నాకు తెలుసు.

అత్త ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఆఖరి అధ్యాయం చెప్పింది. తళవాయిపురానికి బస్సెక్కి పోయి వదినకి చెప్పింది. అవ్వ మంచం పక్కన కూర్చుని అవ్వకి చెప్పింది. మా పెరట్లో వడియాలకు కాపలా ఉన్న నాకు, పత్రిక కూడా చేతిలో లేకుండా, కొంగు నడుముకి చుట్టుకుని నిలబడి చెప్పింది. ఆమె కావాలనే దిగిందంట. ఇంకో ఊరు పోయి చదువుకుని టీచరు అయిందంట. మొగుడికి ఒక ఉత్తరం రాసిందంట. "'నన్ను ఎతకొద్దు. నేను బాగున్నాను' అని రాసింది. అంతే కథ," అంది అత్త. ఆ రెండు వాక్యాలు నాకు పాఠం కంటే గట్టిగా వచ్చాయి. పరీక్షలయ్యాక నేను రెండు రోజులు అన్నం మానేసి, మదురై కాలేజీ ఫారం మీద నాయనతో సంతకం పెట్టించుకున్నాను. చదివాను. టీచరయ్యాను. పెళ్ళి వద్దన్నాను. ఇప్పటిదాకా నా తాళం నేనే వేసుకుని నేనే తీసుకుంటున్నాను.

గొడవ మదురైలో నా రెండో ఏడాది వచ్చింది. మా వీధి చావడిలో ఎవరిదో పెళ్ళి భోజనం. ఆకుల ముందు కూర్చున్నాం. ఎవరో రైలు తప్పిన మాట తెస్తే నేను, "ఆ కథలో ఆమె మాదిరి దిగి పోవాల. పోయి టీచరు పని చూసుకోవాల," అన్నాను.

ఎదురు వరసలో ఉన్న వదిన తలెత్తింది. "ఏ కథలో? ఆమె బిడ్డ దగ్గరికి తిరిగి వచ్చేసింది కదా."

"రాలేదు వదినా."

"వచ్చింది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకు తెలీదా?"

మూల కూర్చున్న అవ్వ, "దాని మొగుడు రైలు కింద పడినాడు కదే. మంచి పని అయింది," అంది. అవ్వకి వయసు మీద పడి మతి తప్పుతోందని అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపల వదిన, "మదురైకి పోయి చదివింది ఇదేనా? కథల్ని మార్చి చెప్పేదా?" అంది. నవ్వు రెండింతలైంది. అవ్వ మీద మొదలైన నవ్వు నా మీదికి మళ్ళింది. పంక్తిలో నలభై మంది ఉన్నారు, ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పాయసం వడ్డిస్తున్న అత్త మాత్రం నవ్వలేదు. గరిటె నా ఆకు మీద ఒక క్షణం ఆగింది, అంతే.

చేయి కడిగి నేరుగా అత్త ఇంటికి పోయి ఈ పుస్తకం తీశాను. ఆఖరి అధ్యాయం లేదు. చావడికి తిరిగొచ్చి అడిగితే, "ఎలుక కొరికింది మే, ఏమి చేసేది?" అంది అత్త. మైదా జిగురు రాసిన అట్టను వదిలిపెట్టి, లోపల సరిగ్గా నాలుగు పేజీలే తినే ఎలుక మా ఊళ్ళో ఎక్కడిది? అత్తను అనుమానించడం నాకు తోచలేదు. నా అనుమానం ఇంకొకరి మీదికి పోయింది. అందరి ముందూ వదినని నిలదీశాను, ఓడిపోతానని పేజీలు చించేసింది నువ్వే అని. ఆమె మొహం ఎర్రబడింది. "ఆమా, నేనే చించి పొయ్యిలో వేసినాను. పో!" అంది. నేను దాన్ని నేరం ఒప్పుకోవడం కింద రాసుకున్నాను. కొన్నాళ్ళకి అత్త ఆ పుస్తకాన్ని నాకు ఇవ్వకుండా వదినకే ఇచ్చేసింది. నా అనుమానం అలా గట్టిపడింది. మదురై పాత పుస్తకాల అంగళ్ళలో ఆ కథ కోసం ఎన్ని సెలవులు పాడుచేశానో లెక్కలేదు. అది ఎప్పుడూ పుస్తకంగా రాలేదు. అత్త పోయి ఇరవై ఏళ్ళయింది, చెప్పకుండానే పోయింది. ఆ పంక్తి గొడవ నుంచే నేను ఏ పుస్తకమైనా ఆఖరి అధ్యాయం ముందు చదవడం.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి మా అన్న ఇంటికి పోయాను. అన్న లేడు, పోయి అయిదేళ్ళు. వదిన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఒక కంటికి ఆకుపచ్చ రంగు గుడ్డ, రెండో కన్ను అంతకుముందే మసక. "రా. కూర్చో," అంది. తిను అనేలోపల నేను, "ఆ పేజీలు ఏవి?" అన్నాను.

అవి ఇంకా బ్యాండేజీ గుడ్డ మడతలోనే ఉన్నాయి. నేను ముందు పేజీ సంఖ్యలు చూశాను, సరిపోయాయి. కాగితం అదే, అచ్చు అదే. జిగురు మరక ఒక్కటి కూడా లేదు. గుడ్డలో చుట్టి, చుట్టూ అంచులకు మాత్రమే జిగురు రాసి, మా అత్త వాటిని అట్ట మధ్యలో పెట్టింది. పారేయాలని అనుకున్న మనిషి ఇంత జాగ్రత్త పడదు.

"పరీక్ష అయిందా?" అంది వదిన. "దొంగ నోటు చూసినట్టు చూస్తా ఉండావు. చదువు."

"నీ కూతురు చదివి ఉండొచ్చు కదా?"

"అది నా మాదిరి చదువుతాది. నా పక్కం మనిషి చదివితే నువ్వు నమ్ముతావా? నువ్వే చదువు. ఓడినవాళ్ళు ఎవరో నీ నోటితోనే రావాల."

మేనకోడలు గడప మీద కూర్చుని చేతులు కట్టుకుంది. నేను అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. కళ్ళు తమిళం చదువుతుంటే నోరు తెలుగులోకి దానంతటదే పోయింది. కథలో ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఆ మొగుడు ముసలివాడై, ఎదిగిన బిడ్డతో అదే రైల్లో పోతుంటాడు. అదే స్టేషన్లో దిగుతాడు. కుళాయి దగ్గర ఒకామె కూజా పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉంటుంది. బండి కూత వేస్తుంది. అతను పిలుస్తాడు. ఆఖరి వాక్యం ఒకే ఒక్క తమిళ మాట: తిరిగింది. కింద తెల్లకాగితం.

టీచరు లేదు. ఉత్తరం లేదు. బిడ్డ ఒళ్ళోకి రాలేదు. మొగుడు రైలు కింద పడలేదు. అవ్వకి మతి తప్పలేదని అప్పుడు నాకు తెలిసింది. తాత బతికినన్నాళ్ళూ అవ్వని ఎన్ని బాధలు పెట్టాడో ఆ వీధిలో అందరికన్నా ఆయన కూతురైన అత్తకే తెలుసు. అత్త ముగ్గురికీ మూడు కథలు చెప్పింది. నేను ఆ లేని ఉత్తరాన్ని నమ్మి ఊరు దాటాను, అన్నం మానేశాను, ఒక బతుకు ఎంచుకున్నాను. నన్ను అడగకుండా ఇలా చేసినందుకు అత్త మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆ ఫిర్యాదు ఎవరికి రాయాలో తెలియదు.

ఆ ఆఖరి మాట పైకి చదవకుండా నేను ఆగిపోయాను. వదిన చేయి కుర్చీ అంచును పట్టుకుని ఉంది. ఆ చేతి మీద నరాలు లేచి ఉన్నాయి. గడప మీద కూర్చున్న ఈ పిల్ల కంటే ముందు ఒక బిడ్డ ఉండేదని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ పైకి అనలేదు. నేను కూడా అనలేదు. పేజీలు చించావని పంక్తి ముందు ఆమె మీద అరిచినప్పుడు, ఆ కథ ఆమెకి ఎప్పుడు చెప్పారన్నది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఏమైంది?" అంది వదిన. "వచ్చిందా?"

"తిరిగింది," అన్నాను. "ఆమే. కూజా కింద పెట్టేసి వచ్చింది. బిడ్డ తల తన ఒళ్ళోకి లాక్కుంది."

"అచ్చులో అట్లానే ఉందా?"

"అట్లానే ఉంది."

"మరి నువ్వు చెప్పిన టీచరు?"

"లేదు వదినా. నేను చెప్పింది తప్పు."

ఈ మాట నా నోట ఇంతకుముందు వచ్చిన జ్ఞాపకం లేదు. వదిన కుర్చీ అంచును వదిలింది. తర్వాత లోపలికి లేచిన కూతురితో, "అత్తకి కాఫీ తీసుకుని రా. చక్కెర ఇంకొక చెంచా వెయ్యి. మన ఇంట్లో కాఫీ ఆమెకి ఎప్పుడూ చేదే. చెప్పదు, మనసులో పెట్టుకుంటాది," అంది. నలభై ఏళ్ళు నాలుగో మాట ఆడని మనిషి, ఒక్క పూటలో ఇన్ని మాటలు.

కాఫీ తాగి పేజీలు మడుస్తుంటే కనిపించింది. ఆఖరి వాక్యం మీద, ఆ ఒక్క వాక్యం మీదే, ఒక గుండ్రటి జిడ్డు మరక. కొత్తది. వెలుతురుకి పెడితే కాగితం అక్కడ నూనె కాగితంలా ఉంది. కంటి మందు వాసన. ఎవరో ఆ కాగితాన్ని కంటికి ఆనించుకుని, ఒక్కొక్క అక్షరం తడుముతూ చదవాలని చూసిన మరక అది. చదవగలిగిందో లేదో నేను అడగలేదు. అనుమానం ఉంది. ఇన్నేళ్ళ నా అనుమానాల్లో తేల్చుకోకుండా వదిలేసింది ఇదొక్కటే.

పుస్తకాన్ని బాగుచేసి ఇస్తానని ఇంటికి తెచ్చుకున్నాను. మైదా ఉడికించాను. బ్యాండేజీ గుడ్డ మా ఊళ్ళో దొరకనిదెప్పుడు? ఆ నాలుగు పేజీలను వాటి చోట కుట్టి ఉండాల్సింది. చదివేవాళ్ళకి చివరి పేజీ ఇవ్వకపోవడం ద్రోహమని లైబ్రరీ ఫిర్యాదుల నోటుబుక్కులో నేనే ఎన్నోసార్లు రాశాను. కానీ గడప మీద కూర్చుని విన్న ఆ పిల్ల నా కళ్ళనీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ఇంకా చిన్నది. ఆ కథ ఎలా ముగియాలో ఆమెకి ఒక రోజు కావలసి రావచ్చు. అప్పుడు చెప్పడానికి ఆమె అత్తగా నేను ఉన్నాను. పేజీలను కొత్త గుడ్డలో చుట్టి, అంచులకి మాత్రం జిగురు రాసి, మళ్ళీ అట్టలోనే పెట్టాను. ఇప్పుడది కిటికీలో ఆరుతోంది. ఆ నలభై ఏళ్ళు ఎక్కడికీ పోలేదు, వేలు మందం అట్టలో ఇమిడి కూర్చున్నాయి. వాన లోపలికి దిగడానికే ఇంత కాలం పట్టింది.